కుడివైపు కాజాలు

మా అత్తగారు మంచిదైపోయిందని ముందు కనిపెట్టింది నేనే.

ఒకరోజు పొద్దున్న టీలో చక్కెర వెయ్యడం మరిచిపోయి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ నిదానంగా తాగి, గ్లాసు కింద పెట్టి, "బావుందమ్మా" అంది. తర్వాత నా గ్లాసులోది ఒక గుక్క తాగితే తెలిసింది, చేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా చేతి టీ బావుందని ఆవిడ ఒక్కసారీ అనలేదు. నీళ్ళెక్కువనో, ఆకు తక్కువనో, గ్లాసు అంచు సరిగా కడగలేదనో ఏదో ఒక వంక పెట్టిగాని గుటక వేసేది కాదు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. అలాంటి మనిషి "బావుందమ్మా" అనేసరికి నా గుండె గుభేలుమంది.

అది చలికాలం మొదలు. మా ఇంటికెదురుగా లేచిన ఇరవై అంతస్తుల అద్దాల మేడలోకి జనం దిగిన మొదటి చలికాలం.

మా ఇంటి మొహం తూర్పుకి. మేడ లేవకముందు తెల్లారగానే ఎండ నేరుగా ముందుగదిలోకి వచ్చేది. ఆ తర్వాత పొద్దున్న ఎండంతా మేడ మింగేసి, మధ్యాహ్నం మూడున్నరకి సూర్యుడు పడమటికి వాలి దాని అద్దాల మీద పడ్డప్పుడు మాకు తిరిగిచ్చేది. తిరిగొచ్చిన ఎండలో వేడి ఉండేది కాదు. గోడల మీద అలలు అలలుగా కదిలేది. కుట్టుమిషను, మంచం, గోడనున్న చొక్కాలు అన్నీ నీళ్ళలో మునిగి మెల్లగా ఊగుతున్నట్టుండేవి. తూర్పు దిక్కు నుంచి సాయంత్రం వచ్చేది కాబట్టి ఆ గంటసేపు ఏ పూటో పోల్చుకోలేకపోయేదాన్ని. సూది పట్టుకుని అలాగే కూర్చుండిపోయేదాన్ని. అత్త అంత దిగులులో ఉంటే నాకా వెలుగు నచ్చేదని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

మాది కాజాల పని. టైలరు కుట్టిన చొక్కా, కోటు మా ఇంటికొస్తాయి. గుండీ దూరే కంత కోసి, దాని చుట్టూ దారంతో అంచు కుట్టడం అత్త పని. ఆ కాజాకెదురుగా గుండీ కుట్టడం నా పని. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే మాత్రం బట్ట పోయినట్టే. అందుకే ఆవిడకి నా పనంటే చిన్నచూపు. "నీ గుండీ ఎంత అందంగా ఉంటే ఏం లాభమే, నా కాజా లేనిదే దేనికీ కొరగాదు" అని రోజుకోసారైనా దెప్పేది. మామూలు చొక్కాల కాజాలు మిషన్లు వేసేస్తున్నా, ఖరీదైన కోట్లకి చేతి కాజాలే కావాలనేవాళ్ళు ఇంకా ఉన్నారు. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆయన డ్యూటీకి పోయాక ఇల్లంతా మా రెండు సూదులదే, ఆవిడ నోటిదే.

మేం బీదవాళ్ళమని మాకు అప్పటిదాకా తెలీదంటే అబద్ధమవుతుంది. తెలుసు. వీధంతా అంతే కాబట్టి ఆ సంగతి తలుచుకోవాల్సిన పని పడలేదు, అంతే.

మేడలో దీపాలు వెలిగిన వారానికి అత్త అడిగింది.

"ఏమే, వాళ్ళకి మనం కనిపిస్తామంటావా?"

"కనిపిస్తే ఏం? మనమేం దొంగసొత్తు దాచామా?" అన్నాను.

మర్నాడు కిటికీలో బోర్లించుకునే సొట్టల గిన్నెలు వంటింటి మూలకి పోయాయి. ఆ తర్వాత ముందువైపు తాడు మీద బట్టలారెయ్యడం మానిపించింది. అతుకులున్న దుప్పటిని తిరగేసి పరిచింది. ఇంట్లో ఉన్నంతసేపూ పెళ్ళికి పోతున్నదానిలా మంచి బట్టలు కట్టుకుని కూర్చునేది. చివరికి కిటికీకి తెర కట్టింది. యాభై ఏళ్ళు కిటికీ తీసి కాపురం చేసిన ఇంట్లో పట్టపగలు తడుముకుంటూ తిరిగాం.

వీధి కూడా ఆ నెలల్లోనే మారింది. చివరనున్న కిరాణా కొట్టు కాఫీ హోటలయ్యింది. కొట్టు ముందు ఒక చెక్కబల్ల ఉండేది. సాయంత్రాలు అత్తా, ఆవిడ స్నేహితురాళ్ళిద్దరూ దాని మీద చేరి లోకాన్ని చీల్చి చెండాడేవాళ్ళు. బల్ల తీసేశారు. స్నేహితురాళ్ళిద్దరూ అద్దెలు పెరిగి ఊరి చివరకి వెళ్ళిపోయారు. ఒకరోజు బజారునుంచి వస్తూ మోకాళ్ళు నొప్పెట్టి, పాత అలవాటు చొప్పున అత్త ఆ హోటలు బయట కుర్చీలో కూలబడింది. లోపలినుంచి ఒక అమ్మాయి నవ్వుతూ వచ్చి, ఏం తీసుకుంటారండీ అని అడిగిందట.

"ఎంత మర్యాదగా అడిగిందో" అని ఇంటికొచ్చి నాతో చెప్పింది. "లే, పో అని కసిరినా బావుండేది. తిట్టి వచ్చేదాన్ని. 'అండీ' అంటే ఏమని తిట్టను?"

అత్త నోటినుంచి నేను విన్న ఆఖరి ఫిర్యాదు అదే. ఆ తర్వాత బజారుకి వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టింది. మరికొన్నాళ్ళకి పోవడమే మానేసింది. ఆపైన సూది పక్కన పెట్టి కిటికీ పక్కనున్న మంచమెక్కింది. ఏం పెట్టినా తినేది, కాని రెండు ముద్దలే. ఏమడిగినా "బావుందమ్మా" అనేది. తెర సందులోంచి మేడ వంక చూస్తూ పడుకునేది. ఆ చూపే ఆవిణ్ణి తినేస్తోందని నాకనిపించి మంచం లోపలికి జరుపుతానంటే, "వద్దమ్మా, ఉండనీ" అంది.

"కాస్త నన్ను తిట్టండి అత్తయ్యా" అన్నానోసారి ఉండబట్టలేక.

"నిన్నెందుకమ్మా తిట్టడం, నువ్వు బంగారం" అంది. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

*

వార్డు ఆస్పత్రినుంచి ఒక నర్సు వచ్చింది. అరవై ఐదు దాటినవాళ్ళని ఇంటింటికీ తిరిగి చూస్తోందట. బీపీ చూసింది, బరువు చూసింది, తర్వాత ఒళ్ళో కాగితాలు పెట్టుకుని అడగడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మగారూ, ఈ రెండు వారాల్లో దిగులుగా ఎన్ని రోజులనిపించింది?"

"దిగులెందుకమ్మా. అంతా బావుంది."

"అదిగో, అదేనమ్మా ఈవిడ జబ్బు" అన్నాను నేను. "అంతా బావుందంటోంది."

నర్సు నవ్వలేదు. ఆ మాట కూడా రాసుకుంది. ఆ తర్వాత ఒక బొమ్మ తీసి అత్త ముందు పెట్టింది. నిచ్చెన బొమ్మ, పది మెట్లు.

"మీ చుట్టుపక్కల అందరికన్నా బాగా బతికేవాళ్ళు పైమెట్టు మీదున్నారనుకోండి. అందరికన్నా కిందున్నవాళ్ళు అడుగు మెట్టు మీద. మీరెక్కడున్నారో వేలు పెట్టి చూపించండి."

అత్త బొమ్మని చాలాసేపు చూసింది. అప్పుడే మేడ అద్దాలు వెలిగి ఎండ లోపలికొచ్చింది. తెర సందులోంచి ఒక్క చార మాత్రం మంచం మీద పడి కదలసాగింది. ఆ చారలో అత్త చెయ్యి లేచింది. సూదిపోట్లతో కాయలుకాసిన వేలు నిచ్చెన మీదుగా కిందికి, ఇంకా కిందికి పోయి, కాగితం దాటి దుప్పటి మీద ఆగింది.

నర్సు కలం పక్కన పెట్టింది. "పోయినేడు అడిగుంటే ఎక్కడ చూపించేవారు?" అంది.

"పోయినేడు ఈ వీధిలో నిచ్చెనే లేదు కదమ్మా" అంది అత్త.

గుమ్మం దాకా సాగనంపుతుంటే నర్సు చెప్పులేసుకుంటూ అంది, "మందు రాయిస్తాను, మానకుండా వెయ్యండి. ఎవరో ఒకరు మాట్లాడుతుండాలి. చేతికేదైనా పని పెట్టండి. మీకొక్కరికే కాదమ్మా, ఈ వీధిలో సగం మంది పెద్దవాళ్ళు ఇలాగే ఉన్నారు. రైలు గేటవతల మీకన్నా లేనివాళ్ళున్నారు, అక్కడ ఇంతమంది లేరు. ఇక్కడే ఎక్కువ, ఈ మేడ నీడలో."

*

చేతికి పని ఏం పెట్టనా అని చూస్తున్నాను. మందు మొదలైన మూడో వారంలో మాస్టారు వచ్చాడు. మాస్టారంటే మాకు పనిచ్చే టైలరు. అత్తని అక్కా అంటాడు. ఆయన చేతి మీద బూడిదరంగు ఉన్ని కోటు, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు ఉంది.

"అక్కా, ఇది నువ్వే చెయ్యాలి" అన్నాడు మంచం పక్కన నిలబడి. "ఎదురు మేడలో మూడో అంతస్తు పెద్దాయనది, కొలతకి పాత కోటు పంపారు. ఆ మేడనుంచి వచ్చిన మొదటి కోటు. ఇది నచ్చిందంటే మేడంతా మన కొట్టుకే వస్తుంది. నచ్చకపోతే కొట్టు మూసుకుని నేనూ మంచమెక్కుతా."

అత్త గోడవైపు తిరిగి పడుకుంది. "చేస్తుంది మాస్టారూ" అన్నాను నేను. ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలీదు. ఈ కోటైనా ముట్టుకోకపోతే ఈవిడ ఇక లేవదని మాత్రం లోపల గట్టిగా అనిపించింది.

కోటు ఆరురోజులు బల్ల మీదే ఉంది. రోజూ సూదిలో పట్టుదారం ఎక్కించి దాని పక్కన పెట్టేదాన్ని. అత్తకి దగ్గరి చూపు తగ్గింది కాబట్టి దారం ఎక్కించడం ఎప్పుడూ నావంతే. దూరపు చూపు మాత్రం డేగ చూపు. కుట్టేటప్పుడు ఆవిడకి కళ్ళతో పనే లేదు, వేళ్ళే చూసుకుంటాయి. సాయంత్రం దారం అలాగే ఉండేది.

ఏడోరోజు నేను మందుల కోసం వెళ్ళి వచ్చేసరికి ఇల్లంతా ఆ తిరుగు ఎండ నిండి ఉంది. అత్త మంచం మీదే ఉంది, కళ్ళు మూసుకుని. బల్ల మీద కోటు మడత మారింది. విప్పి చూశాను. మూడు కాజాలు. ఒక్క పోగు లేవలేదు, అంచు చీమలబారులా సమంగా ఉంది. నా ఒళ్ళంతా తేలికైపోయింది. నవ్వుతూ కోటుని నా ఛాతీకి పెట్టుకుని గుండీల చోటు చూసుకోబోయాను. అప్పుడు పై ప్రాణాలు పైనే పోయాయి.

మగవాళ్ళ కోటుకి కాజాలు ఎడమవైపుంటాయి. ఆడవాళ్ళకైతే కుడివైపు. మా పనిలో అందరికన్నా ముందు నేర్చుకునేది అదే. ఈ మూడూ కుడివైపున్నాయి.

"అత్తయ్యా! ఇటు పెట్టారేంటి? కోసేశారు కూడా!"

ఆవిడ కళ్ళు తెరిచి నా వంక చూసింది.

"అవునా అమ్మా" అంది. గోడవైపు తిరిగిపోయింది.

మాస్టారు వచ్చి కోటు చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకోలేదు. వీధిలోకి పోయాక నాతో మెల్లగా, "చెల్లెమ్మా, అక్కకి ఇక పనులు పంపనులే. విశ్రాంతి తీసుకోనీ" అన్నాడు. మంచం కిటికీ పక్కనే కాబట్టి ఆ మాట లోపలికి వినిపించే ఉంటుంది. అప్పుడు నాలో ఏదో తెగింది.

"కోటు నేనిస్తాను ఆయనకి" అన్నాను. "తప్పు మాదని నేనే చెబుతాను. కాళ్ళు పట్టుకోవాలన్నా నేనే పట్టుకుంటాను. ఆయన మాట విన్నాక చెప్పండి, పని ఇవ్వాలో వద్దో."

ఎడమవైపు మూడు గుండీలు కుట్టేసి, కోటు గుడ్డలో చుట్టుకుని, రోడ్డు దాటాను.

*

మేడ ముందు గుమ్మం దానంతటదే తెరుచుకుంది. కాపలా ఆయన మాత్రం తెరుచుకోలేదు. సరుకు తెచ్చేవాళ్ళు వెనకనుంచి రావాలన్నాడు. వెనక్కి పోతే నా పేరు రాయించుకుని రొమ్ము మీద ఒక చీటీ అంటించారు. లిఫ్టులో నాతోపాటు రెండు గ్యాసు సిలిండర్లున్నాయి. మూడో అంతస్తులో తలుపు తీసింది ఆయన్ని చూసుకునే ఆయా. లోపల కాలు పెడితే చప్పుడు లేదు, నా అడుగులు నాకే వినపడలేదు. మబ్బులో నడుస్తున్నట్టు బాల్కనీ దాకా వెళ్ళాను.

పెద్దాయన కుర్చీలో ఎండకి కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, ఎవరో మరిచిపోయిన వస్తువులా. వేసవిలో పక్షవాతం వచ్చిందట.

నేను మొదలుపెట్టాను. "అయ్యా, మా అత్తగారు పెద్దావిడ, ఒంట్లో బాలేదు, కాజాలు ఆడవాళ్ళ పక్కన…"

"వేసి చూడనివ్వమ్మా ముందు" అన్నాడు.

ఆయా కోటు తొడిగి, అలవాటుగా గుండీలు పెట్టబోయింది. ఆయన ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యే కిందికి దిగి గుండీని పట్టుకుంది. ఒకసారి జారింది. రెండోసారి గుండీ కంతలోంచి ఇవతలికొచ్చింది. ఆయన ఆగిపోయాడు. తర్వాత రెండోది. తర్వాత మూడోది, దానికి చాలాసేపు పట్టింది. మూడూ పెట్టుకున్నాక మళ్ళీ అన్నీ విప్పి మొదటినుంచి మొదలుపెట్టాడు.

"ఆరునెలలయిందమ్మా, నా గుండీ నేను పెట్టుకుని" అన్నాడు, తలెత్తకుండా. "మా వాళ్ళు జిప్పులు తెచ్చారు, అంటించే పట్టీలు తెచ్చారు. ఇది ఎవరికీ తట్టలేదు. మీ అత్తగారికి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ" అన్నాను. కంతలు కూడా మామూలుకన్నా నూలుపోగంత పొడుగున్నాయని, గుండీ వచ్చే దారికి కాస్త వాలుగా ఉన్నాయని అప్పుడు చూశాను. పొరపాటున కోసిన కోతలు కావవి. తెర సందు, కిటికీ పక్క మంచం, డేగ చూపు, అన్నీ ఒక్కసారి నా కళ్ళలో తిరిగాయి. ఆవిడ అన్నాళ్ళూ చూసింది మేడని కాదు, ఒక చేతిని. తప్పు చేశారని ఆవిడ మొహం మీద అరిచింది నేను.

"ఎక్కడుంటారు మీరు?"

"ఎదురుగానేనండీ."

"ఎదురుగానా? ఎక్కడ?" ఆయన కళ్ళు వీధి మీద వెతికాయి. నేనూ వెతికాను. మా ఇల్లు నాకే వెంటనే దొరకలేదు. నీళ్ళ ట్యాంకునుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే నాలుగోది. సాయంత్రపు ఎండంతా మేడ మీదుంది, అటు అంతా నీడ. మా కిటికీ గోడలో ఒక నల్లటి బెజ్జం. దాని వెనక మనుషులుంటారని నేనైనా అనుకునేదాన్ని కాదు.

వేలు పెట్టి చూపించాను.

"అదా?" అన్నాడాయన ఆశ్చర్యంగా. మనసులో ఏమీ లేకుండానే అన్నాడు. "అది గోడౌననుకున్నానమ్మా ఇన్నాళ్ళూ."

*

రోడ్డు దాటడానికి నాకు చాలాసేపు పట్టింది. నచ్చిందని చెప్పడం తేలికే. ఆవిడ రెండో ప్రశ్న అడుగుతుందని నాకు తెలుసు. కనిపిస్తామేమో అన్న సిగ్గుతో మంచమెక్కిన మనిషికి, అసలు కనిపించనే కనిపించమని ఎలా చెప్పను? ఏ మాట ఆవిణ్ణి పూర్తిగా ముంచేస్తుందో తెలీదు.

ఇంట్లోకి వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఎండ చార పోయే వేళయింది.

"ఆయన గుండీలు ఆయనే పెట్టుకున్నాడు అత్తయ్యా" అన్నాను. "మూడూ. కావాలనే అటు పెట్టారా?"

"మరి? ఈ వయసొచ్చాక కాజా ఏ పక్కనో మరిచిపోతానా?" అంది గోడవైపునుంచే. "ఎడమచేత్తో స్వెట్టరు గుండీతో కుస్తీ పడుతుంటాడు రోజూ. ఆ పిల్ల వచ్చి పెట్టేస్తుంటే మొహం అటు తిప్పుకుంటాడు. చూళ్ళేక చచ్చాను."

"నాకు చెప్పొచ్చు కదా!"

"నువ్వడిగావా? తప్పు పెట్టావు."

తల దించుకున్నాను. తర్వాత అడిగింది, నేను భయపడ్డదే.

"అక్కణ్ణించి మనం కనిపిస్తామా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ఇటు తిరిగింది. ఆ కళ్ళని చూశాక చెప్పలేకపోయాను.

"కనిపించం అత్తయ్యా. నల్లగా ఉంటుంది, అంతే. ఆయన… ఆయన మన ఇల్లు గోడౌననుకున్నాడట."

మేడ అద్దాల మీద ఎండ ఆరిపోయింది. గది చల్లబడింది. తల్లీ, ఎంత పని చేశాననుకున్నాను.

"గోడౌనా?" అంది.

చేతులు ఊతం చేసుకుని లేచి కూర్చుంది.

"గోడౌనా? యాభై ఏళ్ళు కాపురం చేశానే ఇందులో! నీ మొగుణ్ణి ఇక్కడే కన్నాను. మీ మామగారు ఈ మంచం మీదే పోయారు. ఈ గోడలకి సున్నం నా చేత్తో వేశాను. ఆయనగారికి గోడౌనా? ఏం, బియ్యం బస్తాలు దించామా ఇక్కడ? నువ్వేం చేశావు? నోరు కుట్టేసుకుని వచ్చావా? మనుషులున్నారయ్యా, ఇద్దరు ఆడవాళ్ళున్నారని చెప్పొద్దూ!"

"చెప్పా…"

"ఏం చెప్పావు, నీ మొహం!"

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందొచ్చిందో గుర్తులేదు. ఆవిడ అప్పటికే మంచం దిగింది. నెలరోజులుగా మంచం మీదున్న మనిషి కదా అని పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని కిటికీ దగ్గరికి పోయి, తెరని ముడి విప్పే ఓపిక కూడా లేకుండా ఒక్క లాగు లాగింది. తాడుతోసహా ఊడి వచ్చింది. ఎదురుగా మూడో అంతస్తు బాల్కనీలో బూడిదరంగు కోటు ఇంకా కూర్చునే ఉంది.

"ఈ గుడ్డి దీపం ఏంటి? పెద్ద బల్బు పట్రా."

"ఇప్పుడా? కరెంటు…"

"పట్రమ్మంటే!"

బజారుకి పరుగెత్తి తెచ్చాను. స్టూలెక్కి బిగించి స్విచ్చి వేశాను. గదంతా తెల్లగా వెలిగింది, అతుకుల దుప్పటి, వంటింటి మూలనున్న సొట్టల గిన్నెలు, కోడలి జిడ్డు మొహం, అన్నీ. ఆవిడ కుర్చీని కిటికీ ముందుకు ఈడ్చుకుని, దాంట్లో నిటారుగా కూర్చుని, జుట్టు సర్దుకుంది.

"ఇంకాస్త ఇటు తిప్పు దాన్ని" అంది. "మొహం మీద పడనీ."